ఓడల కంపెనీ ఇంటర్వ్యూ

మొదటి ఇంటర్వ్యూకి చీర కట్టుకుని వెళ్లాను. విశాఖపట్నంలో ఒక కర్మాగారం కంప్యూటర్ విభాగంలో పనిచేసినన్నాళ్లూ చీరలోనే వెళ్లేదాన్ని, ప్రోగ్రాములన్నీ చీరలోనే రాశాను. డర్బన్‌లో వేరేగా ఉంటుందని నాకు తోచలేదు. డర్బన్‌కు దక్షిణాన ఉంజింటోలో మేం అద్దెకున్న ఇంటి వెనకే చెరకు తోట. కోతకు ముందు ఆకు పోవడానికి ఆ పొద్దున దాన్ని తగలబెట్టారు. నేను గేటు దాటేలోపే నల్లటి నుసి ఎగిరొచ్చి లేత పసుపు చీర మీద వాలింది. దులపబోతే చారలు చారలుగా అంటుకుంది. ఇక్కడ టాక్సీ అంటే మినీబస్సు. అందులో కిక్కిరిసి కూర్చుని, కొంగుతో చారలు కప్పుకుంటూ డర్బన్ చేరాను. ఆఫీసు రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి నన్ను చూసి ఎంతో మర్యాదగా, "మీ అబ్బాయి ఇంటర్వ్యూలో ఉన్నారా? కూర్చోండి, వచ్చేస్తారు" అంది.

నాకప్పటికి ముప్ఫై నిండలేదు.

మా ఆయన సైన్సు టీచరు. అన్ని రంగులవాళ్లూ ఓటేసిన తొలి ఎన్నికలయ్యి కొత్త ప్రభుత్వం వచ్చాక లెక్కలూ సైన్సూ చెప్పేవాళ్లను బయటి దేశాల నుంచి తీసుకుంటున్నారని తెలిసి వచ్చాం. ఆయన పొద్దున్నే బడికి వెళ్లిపోయేవారు. నేను డర్బన్ పేపరు ముందేసుకుని ఉద్యోగ ప్రకటనలు చదివేదాన్ని. అప్పట్లో ప్రతి ప్రకటన కిందా ఒక వాక్యం ఉండేది, ఇదివరకు అవకాశం దొరకనివాళ్లు తప్పక దరఖాస్తు చేసుకోవాలని. అది చదివి, నేనూ అందులోకి వస్తానా రానా అని ఆలోచించేదాన్ని. రంగు చూస్తే వస్తాను. కానీ నాకు అవకాశం కాదన్నది ఈ దేశం కాదు. నేనిక్కడికి వచ్చిందే నిన్నగాక మొన్న.

ఆ మొదటి ఇంటర్వ్యూలో, "మీ గురించి చెప్పండి" అన్నారు. మా నాన్నగారి పేరు, ఉద్యోగం, మా ఊరు, తోబుట్టువులు ఎంతమంది, అందులో నేనెన్నోదాన్ని, అన్నీ వరసగా చెప్పాను. ఎదురుగా ఉన్నాయన ఓపిగ్గా వింటూ తల ఊపాడు. తర్వాత గోడకున్న తెల్ల బోర్డు మీద ఒక లెక్క రాసి మార్కరు నా చేతికిచ్చాడు. నేను బోర్డు ముందు నిలబడి ఆలోచించాను. చాలాసేపే ఆలోచించాను. ఆయన రెండుసార్లు దగ్గాడు. మొత్తం మనసులో తేలాక మొదటి వరస నుంచి చివరి వరస దాకా ఆగకుండా రాసేసి మార్కరు మూత పెట్టాను. జవాబు సరైనదని నాకు తెలుసు. "థాంక్యూ" అన్నాడు.

నాలుగు రోజులకు, ఉద్యోగాలు వెతికిపెట్టే ఏజెన్సీ ఆవిడ ఫోన్ చేసింది. నన్ను తీసుకోలేదట.

"జవాబు తప్పా?" అన్నాను.

"లేదు, జవాబు సరిగ్గానే ఉందట. కానీ మీరు ఒక్క మాటా మాట్లాడలేదట. మీరెలా ఆలోచిస్తారో వాళ్లకు తెలియలేదట."

ఫోన్ పెట్టేశాక ఏడుపొచ్చింది. మేం చదువుకున్న పరీక్ష హాళ్లలో నోరు తెరిస్తే పేపరు లాక్కునేవాళ్లు. పెదవులు కదిపినా వెనక నుంచి కర్రతో బల్ల మీద కొట్టేవాళ్లు. అక్కడ అన్నేళ్లు నేర్చుకున్న మౌనం ఇక్కడ నేరమైపోయింది.

మా ఇంటి యజమానురాలు పెరట్లోంచి చూసి లోపలికి వచ్చింది. అరవై దాటిన మనిషి. ఆవిడ ముత్తాతలు చెరకు నరకడానికి విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చారట. ఏ ఊరో ఆవిడకు తెలియదు. ఇంట్లో అందరూ ఇంగ్లీషే. ఆవిడ నోట మాత్రం ఇంకా కాస్త తెలుగు మిగిలి ఉంది, అదీ నా కోసమే వెతికి పట్టుకొచ్చేది. నేను ఆవిడను పెద్దమ్మా అనేదాన్ని.

"ఏటమ్మీ? ఎవులు సచ్చిపోనారు?"

"ఎవరూ పోలేదు పెద్దమ్మా. పని రాలేదు."

"పనికా ఏడుపు? ఐకోన! ఇంకో పని వచ్చు."

ఐకోన అంటే లేదు, కూడదు అని. చెరకు తోటల్లో దొరలూ కూలీలూ మాట్లాడుకోవడానికి పుట్టిన కలగాపులగం భాషలోని మాట. పెద్దమ్మ నోట అది అచ్చ తెలుగు మాటలా వినిపించేది. మా నాయనమ్మ కూడా "ఏటమ్మీ" అనే పిలిచేది. బడికి వెళ్లాక అలా మాట్లాడకూడదని మాకు నేర్పారు.

జరిగింది చెప్పాను. పైకి మాట్లాడుతూ ఆలోచించడం నాకు రాదని చెప్పాను. పెద్దమ్మ కాసేపు నన్ను ఎగాదిగా చూసి, నేను వంట చేసేటప్పుడు వచ్చి కూర్చుంటానంది. చేసే ప్రతి పనీ, ఎందుకు చేస్తున్నానో ఇంగ్లీషులో పైకి చెప్పాలట, ఆవిడ వింటుందట. సరేనన్నాను. ఆ సాయంత్రం నుంచే మొదలైంది. పప్పు కడుగుతూ, "ఇప్పుడు పప్పు కడుగుతున్నాను, ఎందుకంటే..." అని మొదలుపెట్టేదాన్ని. మొదట్లో సిగ్గేసేది. నాలుగు మాటలయ్యేసరికి పెద్దమ్మ అడ్డు తగిలేది.

"ముందే చింతపండు ఏసేస్తావేటి? పప్పు ఉడకదు!"

"ఉడికిపోయింది పెద్దమ్మా, ఇదిగో చూడండి."

"చూపించు. ఊఁ. అయినా ఎందుకు ఇప్పుడు?"

ఎందుకు ఇప్పుడు, ఎందుకు ఇంతే, ఎందుకు ఆ గరిటె. కొన్నిసార్లు ఆ తగాదాలో నేను ఇంగ్లీషు మరిచిపోయేదాన్ని, ఆవిడ తెలుగు మరిచిపోయేది. తాను చేసే పద్ధతే సరైనదని నిరూపించడానికి తన వంటింట్లోంచి గిన్నె పట్టుకొచ్చిన రోజులూ ఉన్నాయి. మా ఆయన గుమ్మంలో నిలబడి, "పోపుకి కూడా ఉపన్యాసమా?" అని నవ్వేవారు. అయితే ఒకటి జరిగింది. ఒంటరిగా ఉన్నప్పుడు కూడా నాకు పైకి అనుకోవడం అలవాటైపోయింది.

రెండో పిలుపు, రేవుకు దగ్గర్లో ఉన్న ఒక కంపెనీ నుంచి వచ్చింది. ఓడలు, సరుకులు, సుంకాలు, వీటికి ప్రోగ్రాములు రాసే కంపెనీ. రోజంతా ఇంటర్వ్యూ అన్నారు. ఈసారి పెద్దమ్మ కూతురి నల్ల ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా వేసుకున్నాను. ప్యాంటు నడుము దగ్గర పిన్నీసు పెట్టాల్సి వచ్చింది.

వెయిటింగ్ గదిలో నాతోపాటు ఇద్దరున్నారు. ఒకాయనకు యాభై దాటి ఉంటాయి. కోటు, టై, గాజులా మెరిసే బూట్లు. వెరులం నుంచి వచ్చారు. ఒక చక్కెర మిల్లు కంప్యూటర్ విభాగంలో చాలా ఏళ్లు పనిచేశారట. రెండో మనిషి ఉమ్లాజీ నుంచి వచ్చిన జూలూ అమ్మాయి. టెక్నికాన్ అనే సాంకేతిక కళాశాలలో చదువు ముగించి ఏడాది దాటిందట. ఆ అమ్మాయి మా ఇద్దరికీ కాఫీ కలిపి ఇచ్చి తనూ ఒక కప్పు తీసుకుంది.

"ఇది నా అంతట నేనే కలిపాను కాబట్టి సరిపోయింది" అంది నవ్వుతూ. "పోయిన నెల ఒకచోట ఇంటర్వ్యూకి వెళ్లి రిసెప్షన్‌లో నిలబడితే, లోపల్నుంచి ఒకాయన వచ్చి పాలు లేకుండా రెండు కప్పులు తెమ్మన్నాడు."

"తెచ్చావా?" అన్నారు వెరులం ఆయన.

"తెచ్చాను బాబా. ఒకటి ఆయనకిచ్చి, రెండోది నేను తాగుతూ ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఇంటర్వ్యూ చేసేది ఆయనే."

బాబా అంటే వాళ్ల భాషలో నాన్న. మర్యాదకు పెద్దవాళ్లందరినీ అలాగే పిలుస్తారు. నన్ను సిసి అంది, అంటే అక్క. వెరులం ఆయన చాలాసేపు నవ్వారు. నవ్వు ఆగాక నా వైపు తిరిగి, ఇండియాలో ఎక్కడని అడిగారు. చెప్పాను. ఆయన కూర్చున్న చోటే నిటారుగా సర్దుకున్నారు.

"మేము తెలుగు" అన్నారు తెలుగులో. ఆ తర్వాత ఇంగ్లీషులోకి వెళ్లిపోయారు. "అందరూ మమ్మల్ని తమిళులనుకుంటారు. మా పెళ్లిళ్లకు వచ్చి కూడా అలాగే అనుకుంటారు. కాదు, మేము తెలుగు అని చెబుతూనే ఉంటాను. నీకు నాలుగు మాటలు చెప్పనా? అన్నము. నీళ్లు. తొందరగా రా. గోయిందా." వేళ్లు మడుస్తూ చెప్పి, ఐదో మాట కోసం కాసేపు వెతికి వదిలేశారు.

పొద్దున కాగితం మీద పరీక్ష అయింది. ఆ తర్వాత మా ముగ్గురినీ ఒక గదిలో కూర్చోబెట్టి ఉమ్మడిగా ఒక సమస్య ఇచ్చారు. ఎదురుగా ముగ్గురు కూర్చున్నారు. కళ్లద్దాలు నుదుటి మీదికి పెట్టుకున్న తెల్ల మేనేజరు, పాతికేళ్ల ఇంజనీరు, సిబ్బంది వ్యవహారాలు చూసే ఒక ఇండియన్ ఆవిడ. సమస్య ఇది. రేవుకు ఓడలు వస్తూనే ఉంటాయి, ఆగే చోట్లు కొన్నే ఉంటాయి. ఒక ఓడలో పళ్లు, ఒక ఓడలో బొగ్గు. దేన్ని ముందు రానివ్వాలో ప్రోగ్రాము ఎలా తేల్చాలి?

ఉన్నది ఒక్క బోర్డు, మేం ముగ్గురం. ఎవరు బాగా మాట్లాడితే వాళ్లకే ఉద్యోగమని ముగ్గురికీ తెలుసు. ఉమ్లాజీ అమ్మాయి లేచి ఓడల బొమ్మలు గీసింది. నేను పక్కన నిలబడి, వంటింట్లో చెప్పినట్టే చెప్పడం మొదలుపెట్టాను. మా ఇద్దరికీ మాట మీద మాట కలిసింది. వెరులం ఆయన మేం మరిచిపోయినవి రెండు మూడు గుర్తుచేశారు. అంతవరకు బాగానే జరిగింది. అప్పుడు ఇంజనీరు ఆయన వైపు తిరిగి, దీన్ని కొత్త పద్ధతిలో, ఆబ్జెక్టులుగా విడగొట్టి ఎలా రాస్తారని అడిగాడు.

"నాకది తెలియదు సర్" అన్నారాయన.

"చదవనైనా చదివారా?"

"లేదు సర్. మా మిల్లులో లేదు."

తన కొడుకు వయసున్న వాడిని ఆయన సర్ అంటుంటే నేను బోర్డు వైపు తిరిగిపోయాను. ఆ ఇంజనీరు చెడ్డవాడు కాదు. ఎందుకు అడిగానా అన్నట్టు అతని చెవులు ఎర్రబడ్డాయి. మేనేజరు కళ్లద్దాలు కిందికి దించుకుని, సరే, భోజనం చేసి రండి అన్నాడు.

భోజనాల దగ్గర వెరులం ఆయన కనిపించలేదు. కిటికీలోంచి చూస్తే కారు తాళం చేత్తో పట్టుకుని పార్కింగులో నిలబడి ఉన్నారు. ఉమ్లాజీ అమ్మాయి ప్లేటు పక్కన పెట్టి గబగబా కిందికి దిగింది. వెనకే నేనూ వెళ్లాను.

"ఎక్కడికి బాబా? మీ వంతు ఇంకా ఉంది కదా."

"నా సంగతి వాళ్లకు తెలిసిపోయిందమ్మా. ఇంకెందుకు?"

"లోపల వాళ్లు ముగ్గురు. మీరు వెళ్లిపోతే మేం ఇద్దరమే అవుతాం."

అది లెక్కో వేళాకోళమో ఆయనకు తెలిసినట్టు లేదు. నాకూ తెలియలేదు. నేను తెలుగులో, "రండి అంకుల్, తిందురుగాని" అన్నాను. ఆ మాట ఆయనకు అర్థమైందో లేదో గాని, తాళం జేబులో వేసుకున్నారు.

మధ్యాహ్నం ఒక్కొక్కరినే పిలిచారు. నాకిచ్చిన లెక్క పెద్ద కష్టమైనది కాదు. అంకెల వరసలు రెండున్నాయి. ఒక్కోటీ ముందే క్రమంలో ఉంది. రెంటినీ కలిపి ఒకే క్రమంలో పెట్టాలి. మార్కరు తీసుకుని ఇంగ్లీషులో మాట్లాడుతూ రాశాను. సగం దాకా సాఫీగానే సాగింది. ఒకచోట చెయ్యి ఆగిపోయింది. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు తెలియలేదు. మేనేజరు గొంతు వినిపిస్తే ఉలిక్కిపడ్డాను.

"క్షమించండి, ఇప్పుడు ఏమన్నారు?"

నేను అన్నది తెలుగులో. "ఆగాగు. ఇది ముందే అయిపోతే? అయిపోతే రెండోదాన్ని ఉన్నదున్నట్టు తగిలించెయ్యడమేగా." ఎంతసేపట్నుంచి అలా గొణుగుతున్నానో తెలియదు. క్షమించమని, అదే మాట ఇంగ్లీషులో చెప్పాను.

ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోశాడు. "అలాగే కానివ్వండి. నాకు అర్థం కాకపోతే ఆపుతాను."

ఆపలేదు. సగం ఇంగ్లీషు, సగం తెలుగులో పూర్తి చేశాను. చివర్లో ఒక గుర్తు తప్పు రాసి, చేత్తోనే తుడుస్తూ "దరిద్రం!" అన్నాను. ఇండియన్ ఆవిడ పకపకా నవ్వింది.

"ఆ ఒక్క మాటే నాకు తెలుసు" అంది. "మార్‌బర్గ్ అని, మా ఊళ్లో మా అవ్వ మమ్మల్ని రోజూ అదే అనేది."

సాయంత్రం వెరులం ఆయన నన్ను టాక్సీ స్టాండు దాకా తన కారులో దింపారు. ఆయన వెళ్లాల్సింది ఉత్తరానికి, నేను దక్షిణానికి, అయినా వినలేదు. లోపల ఏం అడిగారని నేను అడగలేదు. ఆయనే మిల్లు సంగతి చెప్పారు.

"నన్ను తీసుకున్నది కంప్యూటర్ కాగితాల కట్టలు మోయడానికి. మోస్తూ మోస్తూ వాటి మీద ఏముందో చదువుకున్నాను. కొన్నేళ్లకు కోబాల్‌లో ప్రోగ్రాములు రాయనిచ్చారు, పేరు మాత్రం ఆపరేటరే. నా పక్కనే అదే పని చేసే తెల్లవాడు ప్రోగ్రామర్. ఎన్నికలయ్యాక నాకూ ప్రోగ్రామర్ అని కార్డు ఇచ్చారు. మా ఆవిడ దాన్ని దేవుడి పటం దగ్గర పెట్టింది. మరుసటి ఏడు ఆ కంప్యూటర్నే తీసేశారు, దాంతోపాటు నన్నూ."

ఆయన గొంతులో ఫిర్యాదు లేదు. రోడ్డు మీద గుంత ఉందని చెప్పినట్టు చెప్పారు. స్టాండులో ఉంజింటో టాక్సీ నిండేదాకా కారు కదల్చలేదు.

ఉద్యోగం ఉమ్లాజీ అమ్మాయికి వచ్చింది. నాకూ వచ్చింది, కాకపోతే నా వర్క్ పర్మిట్ కోసం నెలల తరబడి ఆగాల్సి వచ్చింది. ఈ పనికి ఈ దేశంలో మనిషి ఎందుకు దొరకలేదో రాయమని ప్రభుత్వ కార్యాలయం కంపెనీని అడిగింది. ఆ ప్రశ్న విన్నప్పుడు నాకు వెరులం ఆయనే కళ్లముందు మెదిలారు. మేనేజరు ఏదో జవాబు రాసి పంపాడు. ఏం రాశాడో నేను అడగలేదు. పర్మిట్ వచ్చిన రోజు పెద్దమ్మ నాకు పప్పు వండి పెట్టింది, తన పద్ధతిలో, చింతపండు ఆఖర్న వేసి. చాలా బాగుంది, కానీ ఆ మాట ఒప్పుకుంటే ఊరుకునే మనిషి కాదు.

ఉమ్లాజీ అమ్మాయీ నేనూ పక్కపక్క బల్లల మీద పనిచేశాం. మనిషి చాలా చురుకు. కొన్నాళ్లకే మా బృందానికి పెద్ద అయింది. నా పని ఆమే చూసేది. అయినా సిసి అనడం మానలేదు.

అప్పటికి శతాబ్దం ముగియబోతోంది. పాత ప్రోగ్రాముల్లో ఏడాదిని రెండు అంకెల్లోనే రాసేవాళ్లు కాబట్టి, కొత్త ఏడాది రాగానే లెక్కలన్నీ తప్పుతాయని ప్రపంచమంతా కంగారుపడుతోంది. మా కంపెనీలో సుంకాల లెక్క చూసే ఒక పాత ప్రోగ్రాము ఉండేది. అది కోబాల్ అనే పాత కంప్యూటర్ భాషలో రాసినది. మాలో దాన్ని ముట్టుకోగలిగినవాళ్లు లేరు. సమావేశంలో అందరూ నేల చూపులు చూస్తుంటే, ఉమ్లాజీ అమ్మాయి నా వైపు చూసింది. ఇద్దరికీ ఒకరే గుర్తొచ్చారు.

ఫోన్ నేనే చేశాను. ఆయన వెరులంలో అన్నగారి హార్డ్‌వేర్ కొట్లో కూర్చుంటున్నారట. సంగతంతా విన్నారు.

"ఇంటర్వ్యూ ఎప్పుడు?" అన్నారు.

"ఇంటర్వ్యూ అక్కర్లేదు అంకుల్. మీరు వస్తే చాలన్నారు."

కొట్లో ఎవరికో ఆగమని చెప్పారు. వెనక ఎవరో మేకులు అడుగుతున్నారు.

"లేదమ్మా. అందరినీ అడిగినట్టే నన్నూ అడగమను. నేను ఇంటర్వ్యూకే వస్తాను."

మేనేజరుకు చెబితే మొదట అర్థం కాలేదు, తర్వాత సరేనన్నాడు. అప్పటి గదిలోనే కూర్చున్నాం. పాతికేళ్ల ఇంజనీరు వేరే కంపెనీకి వెళ్లిపోయాడు కాబట్టి ఆ కుర్చీలో ఉమ్లాజీ అమ్మాయి కూర్చుంది. ఆమె కోబాల్ గురించి పుస్తకం చూసి నేర్చుకున్న నాలుగు ప్రశ్నలు అడిగింది. ఆయన మూడింటికి బాగా చెప్పారు. నాలుగోది తాను వాడిన రకంలో లేదన్నారు. ఆమె తల ఊపి రాసుకుంది. తర్వాత ఆయన వంతు. ఈ ప్రోగ్రాము రాసిన మనిషి ఉన్నారా, మార్చినప్పుడల్లా ఎక్కడైనా రాసిపెట్టారా, తప్పు జరిగితే ఆ మాట ఎవరు పడతారు అని అడిగారు. చివరి ప్రశ్నకు మేనేజరు, "నేను" అన్నాడు.

ఉమ్లాజీ అమ్మాయి మేనేజరు వైపు చూసింది. ఆయన చేత్తో, నువ్వే చెప్పు అన్నట్టు సైగ చేశాడు.

"సోమవారం నుంచి రండి బాబా" అంది.

ఆయన రెండు చేతులూ బల్ల మీద ఆనించి లేచారు. తర్వాత, ఇంటికి ఒక ఫోన్ చేసుకోవచ్చా అని అడిగారు. రిసెప్షన్ దగ్గర ఫోన్ చూపించాను. అవతల భార్య ఎత్తినట్టుంది. ఇంగ్లీషులో రెండే మాటలు చెప్పారు. అటు నుంచి సంతోషపు అరుపు మాకందరికీ వినిపించింది. ఆయన రిసీవర్ చెవికి దూరంగా పట్టుకుని, రిసెప్షన్ అమ్మాయి ముందు కాస్త సిగ్గుపడుతూ, ఆవిడ అరవడం అయ్యేదాకా అలాగే నిలబడ్డారు.